రెండు కిలోల భయం

"ఉప్పు లేని చిక్కుడు గింజలు, వరసగా మూడో రోజు!" ఎవేలియో చెంచా కంచంలో పడేశాడు. "ఉప్పు ఊళ్ళో అయిపోయిందా, మనింట్లోనే అయిపోయిందా?"

"డబ్బా బల్ల మీదే ఉంది. చెయ్యి చాచితే అందుతుంది," అంది యోర్లెనీ.

"పైన చల్లితే గింజలోకి దిగుతుందా? మా అమ్మయితే..."

"మీ అమ్మనే పిలిపించుకోండి మరి."

కూతురు కేలిన్ నవ్వింది. "ఊరుకో నాన్నా. అమ్మ డైటింగులో ఉంది. మనకీ తప్పదు."

యోర్లెనీ నవ్వలేదు. డైటింగే అయితే ఎంత బాగుండేది!

పన్నెండు రోజుల క్రితం ఆమె ఫుట్‌బాల్ మైదానం చుట్టూ పరుగు మొదలుపెట్టింది. తొమ్మిదో రోజు తూకం ఎక్కితే బరువు తగ్గకపోగా రెండు కిలోలు పెరిగింది. ఇంకెవరైనా అయితే విసుక్కుని ఊరుకునేవారు. కానీ ఆమె రెండేళ్ళపాటు తల్లిని రోజూ పొద్దున్నే తూకం మీద నిలబెట్టిన మనిషి. తల్లి గుండె బలహీనపడ్డాక ఆస్పత్రిలో చెప్పిన మాట ఆమెకు కంఠతా వచ్చు: వారంలో రెండు కిలోలు పెరిగితే అది ఒంట్లో చేరిన నీరు, వెంటనే తీసుకురండి. ఆఖరిసారి అలా తీసుకెళ్ళిన తల్లి మళ్ళీ ఇంటికి రాలేదు.

ఇప్పుడు తన వేలికి ఉంగరం బిగిసింది. మేజోళ్ళు విప్పితే పిక్కల మీద గాడి కనబడింది. పరుగు మానేసింది, వంటలో ఉప్పు మానేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పైకి అంటే నిజమైపోతుందేమోనని బెదురు.

గిన్నెలు కడిగి, బజారుకని చెప్పి, వీధి చివర ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. అక్కడ డాక్టరమ్మకు కేలిన్ కన్నా నాలుగేళ్ళు ఎక్కువ ఉంటాయేమో.

"ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నారు?"

"ఒక్కటే. మా అమ్మకి ఆయాసంతో మూడు కావాల్సొచ్చేవి."

"మీ అమ్మగారి సంగతి తర్వాత. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?"

"లేదు."

డాక్టరమ్మ బొటనవేలితో ఆమె కాలి ఎముక మీద గట్టిగా నొక్కి పట్టి వదిలింది. నీరు చేరితే పడే గుంట పడలేదు. గుండె చప్పుడు వింది, ఇసిజి తీయించింది. ఆ కాగితం చూస్తూ అడిగింది. "ఈమధ్య కొత్తగా ఏమైనా మొదలుపెట్టారా?"

"పరుగు. రోజూ మైదానం చుట్టూ పది రౌండ్లు."

"మొదటి రోజు నుంచే పదా?"

"మొదటి రోజు పదకొండు," అంది యోర్లెనీ తలొంచుకుని.

డాక్టరమ్మ నవ్వాపుకుంది. "మీ గుండె నిక్షేపంగా ఉందమ్మా. అలవాటు లేని కండరాలు పరుగెత్తితే లోపల సన్నగా దెబ్బతింటాయి. వాటిని బాగుచేసుకోవడానికి ఒళ్ళు అక్కడ కాస్త నీరు పట్టి ఉంచుతుంది. పరుగు కోసం కండరాలు శక్తి దాచుకున్నప్పుడు కూడా దాంతోపాటు నీరు చేరుతుంది. కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుంది. రెండు కిలోల లెక్క జబ్బు గుండె ఉన్నవాళ్ళకి. అయినా వచ్చి మంచిపని చేశారు. ఆయాసం వచ్చినా, కాళ్ళు వాచినా మళ్ళీ రండి. రౌండ్లు మాత్రం సగం చెయ్యండి."

బయటికొచ్చి పార్కులో బెంచీ మీద కూర్చోగానే ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. మంచు తురుము అమ్మే ముసలావిడ బండి ఆపి, "ఎవరు పోయారు తల్లీ?" అంది.

"ఎవరూ పోలేదు పెద్దమ్మా!"

"మరి ఎందుకీ శోకాలు? ఇది తిను, గొంతు చల్లబడుతుంది."

ఎర్రటి పాకం పోసిన ఆ గ్లాసును యోర్లెనీ అడుగుదాకా గీకి తిన్నది. తర్వాత తిన్నగా ఇంటికి పోకుండా పురపాలక కార్యాలయం మీదుగా వెళ్ళింది.

రాత్రి భోజనాల దగ్గర అంతా చెప్పేసింది.

"మూడు రోజులు పక్కనే పడుకున్నానే," అన్నాడు ఎవేలియో. "నాతో ఒక్క ముక్క అనలేకపోయావా?"

"అనాల్సింది. ఈసారి అంటాను. ఇప్పుడు కూడా ఒకటి చెప్పాలి."

"మళ్ళీ ఏమైంది?" కేలిన్ కంగారుపడింది.

"ఏమీ కాలేదే. డిసెంబరులో ఊరి చుట్టూ పరుగుపందెం ఉందిగా, పురపాలక కార్యాలయంలో దానికి పేరిచ్చి వచ్చాను. రేపు ఐదింటి నుంచి మళ్ళీ మొదలు. అప్పటిదాకా పొద్దుటి కాఫీ మీరే వడపోసుకోండి, ఇద్దరూ."