ఐదొందల కిలోమీటర్లకి లీటరు

ఏసయ్య మావయ్య కారు ఐదొందల కిలోమీటర్లకి లీటరు ఇంజనాయిల్ తాగేస్తోందని ఇందిర పిన్ని ఫోన్లో చెప్పగానే నాకు చెప్పలేనంత హుషారొచ్చింది. హైదరాబాదులో మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను, ఇంతవరకూ నా చేతికి నిజంగా జబ్బు చేసిన బండి ఒక్కటీ దొరకలేదు. సెలవులిచ్చిన రోజే బస్సెక్కి పిడుగురాళ్లలో దిగిపోయాను.

మావయ్య పిన్ని వాళ్ల పక్కింట్లోనే ఉంటాడు, కారు కిరాయికి తిప్పుకుంటాడు. ఆయన భార్య కరుణమ్మత్తయ్య పోయి అప్పటికి నాలుగు నెలలు. ఎలా పోయిందో పిన్ని ముందే చెప్పింది. పొద్దున ఎనిమిదింటికి ఆయాసం ఎక్కువైతే ఆమెని వెనక సీట్లో పడుకోబెట్టి గుంటూరు బయల్దేరాడట. సత్తెనపల్లి దాటాక ఆయిల్ లైటు ఎర్రగా వెలిగింది. అలాగే తోలితే ఇంజను పట్టేసి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. డిక్కీలో డబ్బా చూస్తే ఖాళీ. చెయ్యెత్తితే ఒక్క బండీ ఆగలేదు. పరిగెత్తి కొట్టు వెతుక్కుని, ఆయిల్ తెచ్చి పోసి, మళ్లీ స్టార్ట్ చేసేసరికి ఇరవై నిమిషాలు. పేరేచర్ల వచ్చేసరికి అత్తయ్య లేదు.

నేను స్పానర్ల సంచీతో వెళ్లి నిలబడితే మావయ్య ఒక్కటే అడిగాడు.

"బండి బాగవకపోయినా పర్లేదమ్మాయ్. ఆయిలు ఎందుకు తగ్గిందో అది చెప్పు. నేనేం తప్పు చేశానో నాకు తెలవాల."

చెప్పేస్తానన్నాను, అంత సులువుగా.

మొదట కారు కింద అట్టముక్క పరిచి రోజంతా ఉంచాను. ఒక్క చుక్క పడలేదు, అంటే కారడం లేదు. రేడియేటర్ నీళ్లు శుభ్రంగా ఉన్నాయి, అంటే నీళ్లలో కలవడం లేదు. మరి ఇంజను లోపలే కాలిపోతూ ఉండాలి. మర్నాడు పిన్ని స్కూటీ మీద కారు వెనకాలే వెళ్లాను. కారెంపూడి రోడ్డు మీద ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కగానే నీలం పొగ తెరలా వచ్చింది, దిగేటప్పుడు కాలు తీస్తే దాదాపు లేదు. వాల్వ్ సీళ్లు పోతే దిగేటప్పుడు ఎక్కువ రావాలి. కాబట్టి ఆయిల్ పైకి రాకుండా ఆపే పిస్టన్ రింగులే!

మెకానిక్ పుల్లారావు షెడ్డుకి తీసుకెళ్లి, సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజీ అడిగాను. కాలేజీలో బండి కింద దూరనిస్తారా, బొమ్మలేసి చూపిస్తారా అని ఆయన ఎగతాళి. నాలుగు సిలిండర్లలో మూడింటికి ఒత్తిడి బాగా తగ్గిపోయి ఉంది. ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే ముల్లు పైకి ఎగిరింది. రింగుల సందు ఆయిల్‌తో మూసుకుంది కాబట్టి ఎగిరింది, ఇంక అనుమానమే లేదు. నేను గంతేశాను.

"నేను పొగ జూసి చెప్పేవోణ్ణి. నువ్వు రెండ్రోజులు పడ్డావు, ఇంజనీరమ్మా," అన్నాడు పుల్లారావు.

కానీ ఎనభై వేల కిలోమీటర్లకే రింగులు ఎందుకు అరిగిపోయాయి? మావయ్య ఆయిల్ ఎప్పుడూ టైముకే మార్చాడు, మార్చినప్పుడల్లా అంటించిన స్టిక్కర్లు డోరు అంచున వరసగా ఉన్నాయి. ఆయన తప్పు ఎక్కడా కనపడలేదు. అప్పుడు ఇంజనుకి గాలి వెళ్లే గొట్టం విప్పి లోపల వేలు పెట్టాను. వేలు తెల్లగా వచ్చింది. సున్నం, ఊరి చుట్టూ ఉన్న బట్టీల దుమ్ము.

గాలి ఫిల్టర్ డబ్బా తెరిస్తే అందులో కాగితం ఫిల్టరే లేదు. దాని బదులు గుడ్డతో కుట్టిన దిండులాంటిది ఉంది. రెండు మడతలు, చుట్టూ ఎలాస్టిక్, నాలుగు మూలలూ డబ్బాకి అతికినట్టు కొలిచి కుట్టారు.

దాన్ని పైకెత్తి పట్టుకుని గడగడా చెప్పుకుపోయాను. కాగితం అయితే సన్నటి పొడిని కూడా ఆపుతుంది మావయ్యా, గుడ్డ ఆపదు, బట్టీల సున్నపు దుమ్మంతా ఇందులోంచే లోపలికి పోయి ఆయిల్లో కలిసి గరుకు కాగితంలా రింగుల్ని అరగదీసేసింది, నీ తప్పేం లేదు, ఎవరో బుద్ధిలేని పని చేశారు, అన్నాను.

పుల్లారావు తల దించుకుని, అప్పటికే తుడిచిన స్పానర్ని మళ్లీ తుడుస్తున్నాడు.

మావయ్య నా చేతిలోంచి ఆ గుడ్డ తీసుకున్నాడు. బట్టీల రోడ్డు మీద తిరిగితే కాగితం ఫిల్టర్లు రెండు వారాలకే పూడిపోయేవని మెల్లగా చెప్పాడు. అత్తయ్య ముక్కుకి గుడ్డ కట్టుకుని పదకొండేళ్లు సున్నపు బట్టీలో పనిచేసింది. మనిషికి పనికొచ్చింది బండికి పనికిరాదా అని తన పాత నూలు చీర చింపి రెండు కుట్టింది. ఒకటి బండిలో ఉంటే ఒకటి ఉతుకులో. ప్రతి శనివారం తనే ఉతికి ఆరేసేది.

రింగులు కంపెనీ నుంచే బాగాలేకపోయి ఉండొచ్చు, ఇదే కారణమని గట్టిగా చెప్పలేం, అని ఏదేదో అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినపడింది.

"వద్దులే అమ్మాయ్," అన్నాడు మావయ్య. "నువ్వు జూసింది సరిగ్గానే జూశావు. ఆమెకి తెలవకుండానే పోయింది. అంతవరకు మేలు."

పుల్లారావు ఇంజను దించాడు. సిలిండర్ గోడల మీద దువ్వెనతో గీరినట్టు నిలువు గీతలు. ఆ గీతలు పోయేలా బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు, రింగులు వేసి, కాగితం ఫిల్టర్ పెట్టేసరికి తొమ్మిది రోజులు పట్టింది. నేను రోజూ వెళ్లాను కానీ ముందులా మాట్లాడలేదు. తర్వాత మావయ్య మాచర్లకీ గురజాలకీ కిరాయిలు తిప్పి వెయ్యి కిలోమీటర్లు పూర్తి చేశాడు.

ఆ రోజు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, చదునైన చోట కారు పెట్టి, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీశాను. ఆయిల్ పై గీత దగ్గరే ఉంది, వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. నవ్వు రాబోయి ఆగింది. మావయ్య దాన్ని తీసుకుని, తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. అక్కడే ఉంది. మూడోసారి కూడా ముంచాడు.

"ఇప్పుడైతే ఆగక్కర్లా," అన్నాడు. "గుంటూరు దాకా."

డిప్‌స్టిక్ నా చేతికిచ్చి, చేతులు కడుక్కోవడానికి ఇంటి వెనక కుళాయి దగ్గరికి వెళ్లాడు. నేను దాన్ని దాని చోట పెట్టి బానెట్ దించాను. కుళాయి నీళ్లు పడుతున్న చప్పుడు చాలాసేపు వినిపిస్తూనే ఉంది.