వెర్లిన్ దిగి తీసిన గేటు

మోంటానాలో మా పక్క పశువుల క్షేత్రం వెర్లిన్‌ది. పోయిన శీతాకాలం మా రాష్ట్రం అవతలి కొసనెక్కడో బండి జోరుగా తోలి పోలీసులకు చిక్కాడు. కోర్టు వాయిదా నాటికి ఇంటి దగ్గర ఆవులు ఈనుతున్నాయి. "అంత దూరం నుంచి నన్నెవడు పట్టుకుంటాడులే" అని వెళ్ళలేదు. దాంతో లైసెన్సు ఆపేశారు. అది తిరిగి వచ్చేదాకా బండి భార్య లోరెట్టా చేతికొచ్చింది.

మా వైపు బండిలో పక్కన కూర్చున్నవాళ్ళే దిగి కంచె గేటు తీయాలి. పెళ్ళయిన నాటినుంచీ ఆ పని లోరెట్టాదే.

"దిగవయ్యా దొరా!" అంది ఆవిడ స్టీరింగ్ మీద చేతులేసుకుని.

వెర్లిన్ ముళ్ళతీగ గేటు చివరి కర్రకు భుజం ఆనించి, మూలిగి, తిట్టి, దాన్ని కంచె గుంజకు బిగించిన తీగ ఉచ్చును ఎలాగో ఊడదీశాడు.

"ఏమే, ఇంత బిగుతుగా ఉందని చెప్పొచ్చుగా!"

"పెళ్ళయిన ఏడాదే చెప్పాను. నువ్వు రేడియో వింటున్నావు."

మర్నాడే వెర్లిన్ పనిముట్లు పట్టుకెళ్ళి, ఒంటి చేత్తో తీసేలా గడియ బిగించాడు.

జరిమానా కట్టాక లైసెన్సు వచ్చింది. మళ్ళీ అతనే తోలాడు, ఆవిడే దిగింది. అతనెంత హారన్ కొట్టినా వినకుండా, ఆ గడియ తీస్తూ వేస్తూ నవ్వుకుంటూ అక్కడే నిలబడింది.