అందరికీ పనిచేసే పసరు

నిరోషకు గురవయ్య మీద మొదటి నుంచీ అనుమానమే. మర్రిగూడ చుట్టుపక్కల ఎవరికి కామెర్లు వచ్చినా ఆయన వాకిట్లోనే వాలతారు. ఆయన పసరు తాగి చచ్చినవాడు ఒక్కడూ లేడని చెప్పుకుంటారు. ఒక్కడూ లేడట! దవాఖానలో రక్తపరీక్షలు చేసే నిరోషకు ఆ మాటే మింగుడుపడలేదు. ఏ మందైనా కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు. అందరికీ చేసిందంటే ఎక్కడో మతలబు ఉన్నట్టే.

ఇప్పుడు తండ్రి హనుమంతు కళ్లు పచ్చబడ్డాయి. అన్నం సయించడం లేదు. స్కానింగుకు రమ్మంటే ససేమిరా అన్నాడు.

"ముందుగాల గురవయ్య తాన పసరు తాగుత. గాయన కాదంటే నువ్వు యాడికి తోల్కపోతే గాడికొస్త."

చేసేది లేక వెంట వచ్చింది. వచ్చిందేగానీ ఆమె కన్నంతా గురవయ్య చేతుల మీదే. ఎవరొచ్చినా ముందు కింది రెప్ప లాగి చూస్తాడు. పక్కటెముకల కింద వేళ్లు పెట్టి ఒత్తుతాడు. ఆ తర్వాతే నేల ఉసిరి నూరి కలిపిన మజ్జిగ తాగించి, నూనె, కారం ముట్టొద్దని పంపిస్తాడు. పొట్ట ఉబ్బిన ఒక ముసలమ్మకు మాత్రం పోయలేదు.

"నా మందు నీకు పట్టదవ్వా. పట్నం పెద్ద దవాఖానకు పో" అన్నాడు.

నిరోషకు గుట్టు దొరికింది. చాలా కామెర్లు పథ్యం ఉండి పడుకుంటే వాటంతటవే తగ్గుతాయి. తగ్గేవాళ్లకు పోస్తాడు, తగ్గనివాళ్లను పంపేస్తాడు. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం. ఇంక చచ్చేవాళ్లెక్కడుంటారు?

"సూసినవా బాపూ, బతికేటోళ్లను ఏరుకుంటాండు" అని చెవిలో చెప్పింది.

"ఏరుకోనియ్. నన్ను గూడ ఏరుకుంటడు" అని నవ్వాడు హనుమంతు.

వాళ్ల వంతు వచ్చింది. గురవయ్య రెప్ప లాగి చూశాడు. పొట్ట ఒత్తాడు. ఒత్తినచోటే మళ్లీ ఒత్తాడు.

"నొప్పున్నదా?"

"ఏం లేదు."

గురవయ్య పసరు గంజు మీద మూత పెట్టాడు. "నా మందు నీకు పట్టదు హనుమంతూ. దవాఖానకు పో."

నిరోష కోరుకున్న మాట అదే. బాపు ఇక ఎదురు చెప్పడు, మాట ఇచ్చాడు. సంతోషపడాల్సింది పోయి ఆమె చూపు మూత పెట్టిన గంజు మీదే నిలిచిపోయింది. హనుమంతు తల వంచుకుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఆ వేళ్లు చూస్తుంటే ఆమెకు ఏడుపు ఆగలేదు.

"దవాఖానకు తోల్కపోత తాతా" అంది గురవయ్యతో. "ఇప్పుడే తోల్కపోత. జరంత పసరైతే పొయ్యి."