ఎడమ మనది, కుడి కొత్తది

"మధ్యలో కరెంటు పోతే?" అన్నాను.

అప్పటికింకా ఏమీ మొదలవలేదు. వంటింటి మూల బల్ల మీదున్న కంప్యూటరు లోపలి వ్యవస్థ మార్చడానికి దాని ముందు కూర్చున్నాను. పెరట్లో నిప్పుల మీద మొదటి వాయి ఎర్ర మిరపకాయలు చిటపటమంటున్నాయి. ఫోనులో నా కూతురు నెవెన నవ్వింది. అది నిష్ నగరంలో, కాలు విరిగి, పిండికట్టుతో మంచం మీదుంది. లేకపోతే తనే వచ్చి చేసేది.

"పోతే మళ్ళీ వస్తుంది కదమ్మా. ఆగినచోటి నుంచి మొదలుపెడతాం."

"కొత్తది లేవకపోతే?"

"పాతది పక్కనే పడుకుని ఉంటుంది. దాన్ని లేపుతాం."

"అదీ లేవకపోతే?"

"మొత్తం నకలు తీయించాను కదా, ఆ డిస్కు ఎక్కడ పెట్టావు?"

"పిండి డబ్బాలో."

"పిండిలోనా!"

"సంచిలో చుట్టే పెట్టానే. దొంగవెధవలు వస్తే పిండి ఎత్తుకుపోరు కదా."

"ఇల్లు అంటుకుంటే?" అంది నన్ను ఏడిపిస్తూ.

"అందుకే ఇంకో నకలు వెనకవీధి యెలిత్స వాళ్ళింట్లో పెట్టాను."

"అమ్మా, నువ్వు ఈ పనికోసమే పుట్టావే," అంది.

నా భయాన్ని ఒక మనిషి మెచ్చుకోవడం నాకు తెలిసి అదే మొదలు. "నీ పక్కన నడిస్తే ఎండాకాలంలో కూడా గొడుగు పట్టాలి" అంటాడు మా ఆయన రాదోస్లావ్. నెవెన చిన్నప్పుడు దగ్గితే నేను ఆసుపత్రికి పరిగెత్తేదాన్ని, ఆయన పక్కింటివాళ్ళతో "మా ఇంట్లో శవపేటిక ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది" అని నవ్వించేవాడు. నిజమే, జరగబోయే చెడంతా నాకు ముందే కనిపిస్తుంది. పొయ్యి ఆర్పానో లేదో మళ్ళీ చూసేది నేను, తలుపు గడియ చూసేది నేను, అత్తగారి మాత్రలు అయిపోకముందే తెచ్చిపెట్టేది నేను. ఏమీ జరగదు. ఏమీ జరగలేదు కాబట్టి నేను పిచ్చిదాన్ని. ఎందుకు జరగలేదో ఎవరూ అడగరు.

ఈ కంప్యూటరు సంగతి చెప్పాలి. మా లెస్కోవత్స్‌లో సెప్టెంబరు వచ్చిందంటే ప్రతి పెరట్లోనూ మిరపకాయలు కాలుతాయి, అయ్‌వార్ పచ్చడికి. నేను చేసే అయ్‌వార్‌కి ఊరూరా కొనేవాళ్ళున్నారు. ఆర్డర్లన్నీ ఈ పెట్టెలోకే వస్తాయి. నెవెన దీన్లో పెట్టిన వ్యవస్థ సీసాలో కొనుక్కునే పచ్చడిలాంటిది కాదు. మిరపకాయలు బుట్టతో ఇంటికొచ్చినట్టు దీని మూలమంతా రాతల రూపంలో వస్తుంది. మన యంత్రమే దాన్ని వండుకుని తినాలి. పాతదానికి మరమ్మతులు రావడం ఆగిపోయింది, గొళ్ళెం వదులైన తలుపులాగా, ఎవడైనా తోసుకుని రావచ్చునట. మార్చక తప్పదు. మధ్యలో ఒక దశలో యంత్రం బయటివాళ్ళతో మాట్లాడటం మానేస్తుంది కాబట్టి దూరం నుంచి చేయడం కుదరదు, ఎవరో ఒకరు ఎదురుగా కూర్చోవాలి.

పోయిన శరత్కాలంలో ఆ పని మా మరిది సినీషా చేశాడు. వాడికి టీవీలు బాగుచేసే కొట్టుంది. మార్పు చివర్లో యంత్రం తన అమరికలు రాసుకున్న ఒక్కొక్క కాగితాన్నీ తెర మీద చూపిస్తుంది: ఎడమవైపు మనం రాసుకున్నది, కుడివైపు ఆ వ్యవస్థ తయారుచేసినవాళ్ళు పంపిన కొత్తది, ఏది ఉంచమంటావు అని. సినీషా చదవకుండా అన్నిటికీ కొత్తదే అన్నాడు. ఆ కాగితాల్లో ఒకటి ఇంటివాళ్ళ పేర్ల జాబితా. వాళ్ళు పంపిన జాబితాలో మా పేర్లెందుకుంటాయి? ఒక్క మీట నొక్కడంతో యంత్రానికి మేమెవరమో తెలియకుండా పోయాం. వచ్చిన ఆర్డర్లు అలాంటి మనిషి లేరంటూ వెనక్కి పోయాయి. తర్వాత సినీషా తన పేరూ అన్నయ్య పేరూ మళ్ళీ ఎక్కించాడు. "వదినకి వేరే ఎందుకు? అన్నయ్య పేరు మీద రాసుకుంటుందిలే" అన్నాడు.

అప్పటినుంచీ ప్రతి జవాబు కిందా నా చేతులతో "రాదోస్లావ్" అని కొడుతున్నాను. నోవి సాద్ నుంచి ఒకామె రాసింది: రాదోస్లావ్ గారూ, మీ చేతిలో ఏదో మహిమ ఉంది. మా ఆయన అది గట్టిగా చదివి, మీసం సవరించుకుని, భోజనానికి కూర్చున్నాడు. ఆయన జన్మలో ఒక్క మిరపకాయ తొక్క తీయలేదు.

ఈసారి కూడా చెడిపోతే పెట్టెను కొట్టుకి పట్టుకుపోతానని, ఆర్డర్లు అక్కడినుంచే తాను చూసుకుంటానని సినీషా అన్నాడు. మా ఆయన సరేనన్నాడు. అంటే ఇకమీదట వండటమే నా పని. ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది కొట్టులో తేలుతుంది. అందుకే ఆ పొద్దున నెవెనను అన్ని ప్రశ్నలడిగాను.

మొదట, కొత్తదానితో పాటు వచ్చిన హెచ్చరికల కాగితాన్ని నెవెన నాకు పై నుంచి కింది దాకా చదివి వినిపించింది. ఏది ముందు, ఏది తర్వాత, ఏది అస్సలు చేయకూడదు. నాకోసమే ఎవరో రాసినట్టుంది. ప్రపంచంలో నాలాంటి పిరికివాళ్ళు ఇంకా ఉన్నారని తెలిసి ప్రాణం కుదుటపడింది.

తర్వాత వంట మొదలైంది. తెర మీద అక్షరాలు పరుగెత్తుతున్నాయి, పెట్టె రొప్పుతోంది, వేడి కక్కుతోంది. మా అత్తగారు స్తామెంక పక్కనే కూర్చుని కాలిన మిరపకాయల తొక్క తీస్తోంది.

"ఏం వండుతోందే అది?"

"తనని తానే వండుకుంటోంది అత్తయ్యా."

"మనకేమైనా మిగులుస్తుందా?"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వులోనూ నేను లేచి ప్లగ్గు గట్టిగా ఉందో లేదో చూసొచ్చాను.

మధ్యాహ్నానికి వంట ముగిసింది. "ముందు గుండె ఒక్కటే మార్చి లేపి చూడాలి, బాగా కొట్టుకుంటేనే మిగతా ఒళ్ళు," అంది నెవెన. లేపాను. తెర నల్లగా అయిపోయింది. నేను సిలువ గుర్తు వేసుకున్నాను. లేచింది. మిగతాదీ మార్చాను. ఇక కాగితాల వంతు.

సరిగ్గా అప్పుడే సినీషా వచ్చి వేడి మిరపకాయ ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"అన్నిటికీ కొత్తదే కొట్టెయ్ వదినా, అయిపోతుంది. ఇలా ఒక్కొక్కటీ చూస్తూ కూర్చుంటే క్రిస్మస్ వచ్చేస్తుంది."

"రానీ. పోయినసారి నువ్వు తొందరగానే కానిచ్చావుగా."

"అబ్బో, నెవెన నీకు నోరు కూడా కొత్తది పెట్టిందే!" అని నవ్వుతూ ఇంకోటి తీసుకుని పోయాడు.

పేర్ల జాబితా వచ్చింది. ఎడమవైపు వాడి పేరు, మా ఆయన పేరు. కుడివైపు యంత్రం తన సొంత పనులకు పెట్టుకున్న పేర్లు, అందులో ఒకటి కొత్తది. మనవి ఎడమనుంచి, కొత్తది కుడినుంచి, రెండూ కలిపి ఉంచాను. ఒక్కటీ తప్పు కొట్టలేదు. చివరిసారి లేపితే ఆర్డర్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఫోనులో నెవెన ఈల వేసింది.

"నెవెనా, ఒక మనిషిని చేర్చాలంటే ఏం కొట్టాలి?"

"ఎవర్నమ్మా?"

"నన్ను."

అది చెప్పింది, నేను కొట్టాను. పూర్తి పేరేమిటని యంత్రం అడిగింది. దరింక అని రాశాను. పెత్తనం ఉన్నవాళ్ళ గుంపులో చేర్చాలా అని అడిగింది. చేర్చమన్నాను. ఆ గుంపులోంచి సినీషాను తీసేశాను. వాడి పేరు పోలేదు, తాళంచెవి మాత్రం పోయింది. ఎవర్నీ అడగలేదు. అడిగితే ఏమంటారో నాకు ముందే తెలుసు, నా భయం అందుకు కూడా పనికొస్తుంది. ఆ తర్వాత నోవి సాద్ ఆవిడకి జవాబు రాశాను: ఆ చేతులు నావండీ. ఇట్లు, దరింక.

సాయంత్రం మా ఆయన గిన్నెలో రొట్టె ముంచుకుంటుంటే చెప్పాను.

"పెట్టె బాగా లేచింది. కొట్టుకి పోనక్కర్లేదు. తాళం ఇకనుంచి నా దగ్గరుంటుంది. ఉత్తరాలు నా పేరుతోనే పోతాయి, ఒకటి పోయింది కూడా. నువ్వేమంటావు?"

ఆయన చేయి గిన్నెలోనే ఆగింది. అత్తగారు నా వైపూ కొడుకు వైపూ మార్చి మార్చి చూసింది. ఆయన అరుస్తాడనుకున్నాను. తమ్ముణ్ణి పిలిపిస్తాడనుకున్నాను. గిన్నె తోసేసి లేచిపోతాడని, వీధంతా నవ్వుతుందని, నెవెనకు ఫోను చేసి తిడతాడని, ఎన్ని రకాలుగా అవుతుందో అన్నీ అనుకున్నాను. దేన్నీ వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు. ఆయన పెట్టె వైపు చూశాడు. మిరప తొక్కలతో నల్లబడిన నా గోళ్ళ వైపు చూశాడు. రొట్టె పులుసులో పూర్తిగా నానిపోయింది.

ఆ రొట్టెను బయటికి తీస్తూ అడిగాడు:

"మరి... అందులో నా పేరు ఉంచావా?"