మైకులో దగ్గు

"రోజుకో సిగరెట్టు పెట్టె కాలుస్తాను నేను. నాకు లేని దగ్గు నీకెక్కణ్ణుంచి వచ్చింది?" వంటింటి గుమ్మంలో నిలబడి, నేను తోముతున్న గిన్నెల మీదికి పొగ వదులుతూ అన్నారు మా ఆయన. అడగడం కాదు, నిలదీయడం. అప్పటికే నా చేతిసంచీ జిప్పు తెరిచి ఉంది. నేనే చాటుగా కాలుస్తున్నానేమోనని వెతికినట్టున్నారు.

బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పడం నా ఉద్యోగం. కిటికీ లేని గది. నా వెనక కుర్చీలో సూపర్‌వైజరు గారు, ఆయన వేళ్ళ మధ్య ఆరని సిగరెట్టు. ఈ మధ్య ఊరి పేరు సగంలో ఉండగానే దగ్గు ముంచుకొస్తోంది. బస్టాండంతా వింటోంది. "సెలవు కోసం నాటకాలాడకమ్మా. ఇంకోసారి మైకులో దగ్గావంటే ఆ కుర్చీలో వేరేవాళ్ళు కూర్చుంటారు," అన్నారాయన. నాకంటూ ఉన్నది ఆ కుర్చీ ఒక్కటే. ఇంట్లో నా మాట వినేవాళ్ళెవరు?

నిజంగానే నటిస్తున్నానా అని నా మీద నాకే అనుమానం పట్టుకుంది. ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి వెళితే, గొట్టంలోకి ఊదించి చూసింది. "నీ దగ్గు నిజమేనమ్మా. మన ఆడవాళ్ళ శ్వాసనాళాలు సన్నం. అదే పొగకి చాలామందిలో ముందే బిగుసుకుపోతాయి. పక్కనున్న మగాడు దగ్గకపోతే నీది అబద్ధమైపోదు," అంది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన నవ్వారు. "ఆడ డాక్టరు కదా, నీ వైపే మాట్లాడుతుంది."

పోనీ, పాపం ఇద్దరూ తెలియక చేస్తున్నారనుకున్నాను, ఇవాళ పొద్దుటిదాకా. పొద్దున సూపర్‌వైజరు గారు అగ్గిపుల్ల గీయబోతూ ఆగారు. లేచి వెళ్ళి, మొన్ననే వచ్చిన మైకు యాంప్లిఫయరు మీద మెత్తని గుడ్డ కప్పారు. "పొగ పడితే పాడైపోతుంది. సున్నితమైన సరుకు," అంటూ తిరిగొచ్చి, నా వెనక కూర్చుని వెలిగించారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తెలుసన్నమాట! మా ఆయనకు మాత్రం తెలియదా? కొత్త కారులో కాల్చరు, సీట్లు పాడవుతాయని. వీళ్ళు జాగ్రత్తగా చూసుకునే సామాన్లలో నేను లేను, అంతే.

గొంతులోకి దగ్గు వచ్చింది. ఆపుకోలేదు. మైకు మీట నొక్కి తనివితీరా దగ్గాను. "కట్టెయ్, ముందది కట్టెయ్!" అని లేచారాయన. కట్టలేదు. రోజూ చెప్పే గొంతుతోనే చెప్పాను:

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఈ గదిలో సూపర్‌వైజరు గారు సిగరెట్టు ఆర్పేవరకు బస్సుల వివరాలు చెప్పబడవు. మీకు కలిగిన అసౌకర్యానికి వారే చింతించాలి."