తిప్పు, తిరగెయ్యకు

నాకు పీహెచ్‌డీ సీటు మా నాన్న వల్ల వచ్చింది. ఆ మాట చెప్పినప్పుడల్లా "ఎంత అదృష్టవంతురాలివో!" అంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది. వాళ్ల మీద కాదు, నా మీదే.

నాన్న చొక్కాల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. పరిచిన గుడ్డ మీద ముక్కల్ని ఎలా సర్దితే తక్కువ వృథా అవుతుందో సుద్దతో గీసేవాడు. ముప్పై ఏళ్లుగా ఆ కటింగ్ బల్ల ఆయనదే. నేను చదివిన కంప్యుటేషనల్ జామెట్రీలోనూ అదొక పెద్ద చిక్కు: వంకరటింకర ఆకారాల్ని కాస్త చోటులో ఇరికించడం. పరిశోధక విద్యార్థులు కావాలన్న ప్రకటన చూశాను. నా అల్గారిథం నిజమైన పనిలో నెగ్గిందని చూపిస్తే సీటు ఖాయమనుకున్నాను. నిజమైన పని ఇంకెక్కడుంది, ఇంట్లోనే ఉందిగా.

"నాన్నా, నీ గీతకన్నా నాది జానెడు గుడ్డ తక్కువ తింటోంది," అన్నాను పెద్ద పోటుగత్తెలా.

నాన్న కళ్లజోడు సవరించుకుని నా ప్రోగ్రాము గీసిన కాగితాన్ని చాలాసేపు చూశాడు. "ఈ చొక్కా చెయ్యేంటి తల్లీ, ఇలా పడుకుంది?"

"అబ్బా, అది లెక్క నాన్నా! నీకు అర్థం కాదులే."

ఆ మాటన్న నోరు పడిపోయినా బాగుండేది.

మర్నాడు ఆయన నా గీత ప్రకారమే నలభై పొరల గుడ్డ కోశాడు. సాయంత్రం కుట్టే ఆడవాళ్లు ఘొల్లున నవ్వారట. ప్రతి చొక్కాకీ రెండూ ఎడమ చేతులే! చోటు కలిసొస్తుందని నా ప్రోగ్రాము కుడి చేతి ముక్కను బోర్లా వేసింది. బోర్లా వేస్తే అది ఎడమ చెయ్యి అయిపోతుంది. "ముక్కను తిప్పు, తిరగెయ్యకు," అని నాన్న నా చిన్నప్పుడు వందసార్లు చెప్పాడు. నేను రెండూ ఒకటే అనుకున్నాను.

సూపర్‌వైజర్ నిలదీస్తే నాన్న నా ఊసే ఎత్తలేదు. "నా కళ్లు మసకేశాయి," అన్నాడట. బల్ల ఇంకొకరికిచ్చి, ఆయన్ని గుండీలు ఏరే మూలకు పంపారు.

ఇంటర్వ్యూలో నేను ఆ తప్పు గురించే చెప్పాను. తిప్పొచ్చుగానీ తిరగెయ్యకూడదని షరతు పెడితే లెక్క ఎంత ముదురుతుందో బోర్డు మీద గీశాను. ప్రొఫెసరుగారు ముచ్చటపడి, "నీ పరిశోధన ఇదేనమ్మా," అన్నారు.

సీటు వచ్చినట్టు ఉత్తరం అందిన రోజు నాన్న ముందు కూలబడి ఏడ్చాను. "ఆ చెయ్యి తప్పని నీకు కనబడిందిగా నాన్నా. ఎందుకు కోశావు?"

"కనబడిందమ్మా. నువ్వు చదువుకున్నదానివి కదా, నా కన్నే తప్పేమో అనుకున్నా."

మళ్లీ ఆయనే అడిగాడు, "ఇప్పుడు నీ ప్రోగ్రాముకి తెలుసా, కుడేదో ఎడమేదో?"

"తెలుసు నాన్నా."

"హమ్మయ్య. అయితే ఇక నాతో పనేముందిలే," అంటూ జేబులోంచి సుద్దముక్క తీసి కిటికీలో పెట్టేశాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది.