మురాల్దె కొండ మీద పొగ

ఇట్సియార్ ఆ ప్రశ్న అడిగేసరికి నేను చిక్కుడు గింజల్లో రాళ్ళు ఏరుతున్నాను.

"అత్తా, మన ఇంటిపేరు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఇట్సియార్ మా తమ్ముడు ప్రుదెన్సియోకి ఒక్కగానొక్క కూతురు. విటోరియా పట్నంలో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. నిండు కడుపుతో ఆయాసపడుతూ వచ్చి, కుర్చీలో కూలబడి, మంచినీళ్ళయినా అడక్కుండా ఇది అడిగింది.

"ఎక్కణ్ణుంచేమిటే, మీ తాత నుంచి" అన్నాను.

"తాతకి?"

"ఆయన నాన్న నుంచి."

"అలా వెనక్కి పోతూ ఉంటే?"

"పోతూ ఉంటే ఆదాము దగ్గర తేలతాం. ఇప్పుడెందుకే నీకా గొడవ?"

గొడవ ఉంది. మా ఇంటిపేరు ఓచోవా దె మురాల్దె. అంతా కలిపి ఒక్క పేరే. ఉత్త ఓచోవాలు ఊరికి పదిమంది దొరుకుతారు. మురాల్దె అన్నది మా ఊరు ఓల్గేటా నెత్తిన ఉన్న కొండ. ఒకప్పుడు దాని మీద ఊరుండేది, ఇప్పుడు కప్పులేని చిన్న గుడి గోడలు మాత్రం మిగిలాయి. ఆ ఊరి ఓచోవాలం మేము.

పెళ్ళయినా నా ఇంటిపేరు నాదే, మా దేశపు ఆడవాళ్ళందరికీ లాగే. కానీ ఇక్కడ ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు. నా పిల్లలకి ముందు వాళ్ళ నాన్నది, తర్వాత నాది. వాళ్ళ పిల్లల దగ్గరికొచ్చేసరికి నాది రాలిపోయింది. ఆడపిల్ల దగ్గర ఇంటిపేరు రెండు తరాల్లో ఆరిపోతుంది, ఇది ఎప్పుడూ ఉన్నదే. ఇప్పుడేమో చట్టం మారింది. అమ్మది ముందు పెట్టుకోవచ్చు, తల్లీతండ్రీ ఒప్పుకుంటే చాలు. ఇట్సియార్ మొగుడు రూబెన్ ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది రూబెన్ నాన్న అన్సెల్మో గార్సీయా. పట్నంలో ముప్ఫయ్యేళ్ళు సిటీ బస్సు నడిపి మానేసిన మనిషి, గొంతు ఇంకా హారన్‌లాగే ఉంటుంది.

"మామయ్యగారు ఏమంటారంటే, మా గార్సీయా అనే పేరుకి ఏం తక్కువైందట" అంది ఇట్సియార్.

"ఏం తక్కువ లేదు. అదే కదా దాని జబ్బు!"

అది పకపకా నవ్వి ఫోను తీసింది. ప్రభుత్వంవాళ్ళ లెక్కల్లో ఏ ఇంటిపేరు కొడితే ఆ పేరువాళ్ళు దేశంలో ఎంతమందో చూపిస్తుందట. గార్సీయా కొట్టింది. పది లక్షలు దాటిపోయారు. మాది కొట్టింది. ఏదో రెండు ముక్కలు వచ్చాయి.

"ఏమంటోంది?"

"మరీ తక్కువమంది ఉంటే చూపించరట."

"అంటే ఉన్నామా, లేమా?"

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. నేను, తమ్ముడు, ఇది. బుర్గోస్ మఠంలో మా పెదనాన్న మనవరాలు ఒక సన్యాసిని. లోగ్రోన్యోలో పెళ్ళి మాటెత్తితే పారిపోయే ఒక రొట్టెల బట్టీవాడు. ఇక పిల్లాజెల్లా పుట్టుకొచ్చే దారి ఎక్కడుంది? కళ్ళెదురుగా ఉన్న ఈ కడుపు తప్ప.

"చూడత్తా" అంది ఇట్సియార్, నవ్వు ఆపి. "ఊరికే మోయమంటే నేను మొయ్యను. పిల్లకి బళ్ళో ఆ బారెడు పేరు రాసుకోడానికే పొద్దుపోతుంది. ఆ పేరులో ఏముందో చెప్పు. నచ్చితే పెడతాను. లేకపోతే గార్సీయా."

మా నాన్న చెప్పిన కథే చెప్పాను. మా మూలపురుషుడు యుద్ధంలో గుర్రమెక్కి వెళ్ళి రాజుగారిని కాపాడాడనీ, రాజుగారు మెచ్చి కొండ రాసిచ్చారనీ.

"రూబెన్‌వాళ్ళ ఇంట్లోనూ ఒకడున్నాడు గుర్రమెక్కినవాడు" అంది. "పక్కింటివాళ్ళకీ ఉన్నాడు. అంతమంది గుర్రాలెక్కితే నాగలి ఎవరు పట్టారత్తా?"

కొండకి పొగపెట్టే రోజు దగ్గరికొచ్చేసింది, నాటికి చెబుతానన్నాను.

పొగ అంటే మే నెలలో ఒక ఆదివారం. ఆ రోజు మా ఇంటిపేరు మొదటిగా ఉన్న మనిషి మురాల్దె కొండెక్కి, గుడి ముందు పాత పొయ్యిలో నిప్పు రాజేయాలి. మధ్యాహ్నం గంట కొట్టేలోపు పొగ పైకి లేవాలి. పొగ లేచిందా, ఆ కొండకి మనుషులున్నట్టు. బీచ్ చెట్ల అడవీ, పచ్చికా ఇంకో ఏడాది మురాల్దెవాళ్ళవి. లేవలేదా, కొండని ఓల్గేటా, కోర్తాబే ఊళ్ళు చెరిసగం పంచేసుకుంటాయి. ఇప్పుడు అందరిళ్ళల్లో గ్యాసే, ఆ కట్టెలు తమ్ముడి పొయ్యికి తప్ప ఎవరికీ అక్కర్లేదు. అయినా కోర్తాబే కుర్రాళ్ళు ఆ రోజు గోడెక్కి కూర్చుని, వైను తాగుతూ, మా కొండ వైపు కళ్ళు చికిలించి చూస్తూనే ఉంటారు.

మా ఇంటి ఆచారంలో ఇంకోటుంది. ఆడది వంట చెయ్యొచ్చు, నిప్పు ముట్టకూడదు. నాన్న తర్వాత తమ్ముడే వెలిగిస్తూ వస్తున్నాడు. ఆ ఏడు వాల్‌నట్ చెట్టు కొమ్మలు నరుకుతూ నిచ్చెన మీంచి పడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు, ఎనభయ్యేళ్ళ పసివాడు.

చిక్కుళ్ళు నానబోసి ఆలోచనలో పడ్డాను. అన్నేళ్ళుగా కళ్ళ ముందున్నదే, ఎప్పుడూ అడగలేదేమిటా అనిపించింది. మా కొండ మీది నిప్పు మా ఇంటి నుంచి వెళ్ళదు. అగ్గిపెట్టెతో వెలిగించకూడదు. కోర్తాబేలో 'కింది ఇల్లు' అనే ఇంటి ఆడవాళ్ళు తమ పొయ్యిలోంచి నిప్పులు తీసి, బూడిద కప్పి, మూతున్న మట్టికుండలో పెట్టి ఇస్తారు. సాయంత్రం ఆ కుండనిండా చిక్కుడు గింజల కూర పోసి తిరిగిస్తాం. పొరుగు ఊరివాళ్ళు, అందులోనూ మా కొండ మీద కన్నున్నవాళ్ళు, మాకు నిప్పు ఎందుకివ్వాలి?

రొట్టెల బండివాడు నన్ను కోర్తాబేలో దింపాడు. కింది ఇంటి యజమానురాలు సతుర్నీనా నా ఈడుది. చిన్నప్పటి నుంచీ పోట్లాడుకుంటూ స్నేహంగా ఉన్నాం.

"ఏమే బసిలీసా, ఇంకా ఉన్నావా?" అంది తలుపు తీస్తూ.

"నువ్వు వెళ్ళాక వెళ్దామని."

"అయితే చాన్నాళ్ళు ఆగాలి. కూర్చో."

కాఫీ పెట్టింది, నీళ్ళలా. సంగతి అడిగాను. కప్పు కింద పెట్టి నా మొహంలోకి చూసింది.

"ముందు నువ్వు చెప్పు. మేం నిప్పు ఎందుకిస్తామని మీ ఇంట్లో చెప్పుకుంటారు?"

"కప్పమని. మీవాళ్ళు హద్దు తగాదాలో ఓడిపోయి ఒప్పుకున్నారని."

సతుర్నీనా నవ్విన నవ్వుకి కట్టుడు పళ్ళు జారాయి. సర్దుకుని, "కప్పమా! ఒసే పిచ్చిదానా, అది కప్పం కాదే, సారె! పుట్టింటి సారె!" అంది.

"ఎవరికి సారె?"

"మా ఇంటి పిల్లకి. మహమ్మారి వచ్చిన కాలంలో మురాల్దెలో ఇంటికొకళ్ళు మిగల్లేదట. మిగిలినవాళ్ళు మూటలు కట్టుకుని దిగిపోయారు. ఒక్కతి దిగలేదు. మా ఇంటి నుంచి ఆ ఊరికి కోడలిగా వెళ్ళిన పిల్ల. మొగుడు ఓచోవాని మట్టి చేసింది. చంకలో పిల్లాడు. దిగితే ఆ కొండ పిల్లాడికి దక్కదని పొయ్యి ఆర్పకుండా కూర్చుంది. పొగ ఉంటే ఊరున్నట్టే కదా, అప్పుడూ అదే మాట. మూడు రోజుల ముసురుకి ఆ నిప్పు కాస్తా ఆరిపోయింది."

"అప్పుడు?"

"అప్పుడేముంది, కొండ మీద పొగ లేదని కింద మా ఊళ్ళో చూసుకున్నారు. హద్దురాళ్ళు భుజాన వేసుకుని బయల్దేరారు. అందులో దాని సొంత అన్నదమ్ములే ఇద్దరు! ఇది అడ్డదారిన పుట్టింటికి పరుగెత్తుకొచ్చింది. వాళ్ళమ్మ కొడుకుల కంటపడకుండా కుండలో నిప్పులు పోసి కొంగు కింద పెట్టి పంపింది. మగాళ్ళు రాళ్ళు మోసుకుంటూ సగం ఎక్కేసరికి పైన పొగ! నోరుమూసుకుని దిగిపోయారు."

"మరి పేరు?"

"పిల్లాణ్ణి తీసుకుని బాప్తిస్మానికి కిందికొస్తే, ఎవరి పిల్లాడని అడిగారట ఫాదరు. మురాల్దెవాడు అంది. ఆ పేరు చెప్పుకునేవాళ్ళు ఇంకెవరున్నారు? అలా ఉండిపోయింది."

"ఆవిడ పేరేమిటి?"

"అది మాత్రం ఎవరూ చెప్పలేదు."

నాకు నమ్మాలనీ ఉంది, అనుమానంగానూ ఉంది.

"ఇది నిజమేనంటావా?"

"నేను చూశానా? మా అమ్మమ్మ చెప్పింది. మీ గుర్రం వీరుణ్ణి మీ అమ్మమ్మ చూసిందా?"

"ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేం మరి?"

"నువ్వడిగావా? మీరు కప్పం కప్పమని మీసాలు తిప్పుతుంటే మాకు నవ్వొచ్చేది. మీకెందుకు చెప్పాలి?"

ఆదివారం రానే వచ్చింది, వానతో సహా. పొద్దున్నే సతుర్నీనా ఇచ్చిన కుండ ఒళ్ళో పెట్టుకుని ఇట్సియార్, పిండికట్టు కాలు చాపుకుని తమ్ముడు, చిక్కుళ్ళ గిన్నెతో నేను, పక్కింటివాళ్ళ ట్రాక్టరు వెనక తొట్టిలో కొండెక్కాం. రూబెన్‌కి ఆ రోజు డ్యూటీ, రాలేదు. రానక్కర్లేనివాడు వచ్చాడు. అన్సెల్మో, మెరిసే బూట్లేసుకుని, చంకలో తోలుతిత్తి నిండా వైనుతో.

"ఈ పొగేమిటో నేనూ చూడాలి కదా వదినగారూ" అన్నాడు.

"చూడండి మరిదిగారూ, టిక్కెట్టు లేదు."

గుడి ముందు నాలుగు రాళ్ళ పొయ్యి తడిసి ముద్దయింది. తమ్ముడు ఊతకర్ర మీద వంగి కుండ వంపబోయాడు. మోకాలు వంగదు, కుండ జారింది. సగం నిప్పులు తడిగడ్డిలో పడి చుయ్‌మన్నాయి.

"లైటర్ ఉంది నా దగ్గర" అన్నాడు అన్సెల్మో.

"జేబులోనే ఉంచండి!" అని ముగ్గురం ఒక్కసారే అరిచాం.

కింద కోర్తాబే గోడ మీద కుర్రాళ్ళు చీమల్లా కనపడుతున్నారు. ఎవడో ఈల వేశాడు. మధ్యాహ్నం గంటకి ఇంక ఎంతోసేపు లేదు. ఇట్సియార్ పొట్ట పట్టుకుని మెల్లిగా మోకాళ్ళ మీద కూర్చుని, కుండకోసం చెయ్యి చాపింది.

"ముట్టకు" అన్నాడు తమ్ముడు.

"నాన్నా, ఆరిపోతోంది."

"ఆడది ముట్టకూడదు. నాన్న ఏనాడూ ముట్టనివ్వలేదు. ఏం అక్కా, ఊరుకుంటావేం?"

నేను ఊరుకోలేదు. ఆ వానలోనే నిలబడి, సతుర్నీనా చెప్పిందంతా చెప్పాను. పుట్టింటికి పరుగెత్తిన పిల్ల, కొంగు కింద కుండ, సగం దారిలో ఆగిపోయిన హద్దురాళ్ళు. ఇట్సియార్ తలెత్తి నోరు తెరుచుకుని విన్నది. అన్సెల్మో తిత్తి మూత పెట్టడం మర్చిపోయాడు, వైను బూటు మీద కారుతోంది.

"సతుర్నీనా నోట్లో నిజం ఎప్పుడు పుట్టింది?" అన్నాడు తమ్ముడు.

"సరే, అబద్ధమే అనుకో. మరి మన నిప్పు వాళ్ళింటి నుంచి ఎందుకొస్తుందో నువ్వు చెప్పు. ఆ కుండని కూరతో ఎందుకు తిరిగిస్తాం? కప్పం కట్టేవాడికి ఎవడైనా కూర పంపుతాడా?"

తమ్ముడు ఊతకర్ర మొనతో గడ్డి పొడిచాడు. కుండ వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. టోపీ తీసి, నీళ్ళు దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ముందు ఎండాకులు" అన్నాడు చివరికి. "నా చొక్కా లోపల ఉన్నాయి, తీసుకో. పుల్లలు తర్వాత. నిప్పు మీదికి ఊదకు, కిందినుంచి ఊదు. గాలి వెనకనుంచి కొడుతోంది, అటు తిరుగు."

వాన పెద్దదైంది. అన్సెల్మో కోటు విప్పి రెండు చేతులా ఇట్సియార్ నెత్తిన పందిరిలా పట్టి నిలబడ్డాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"మీరు మాత్రం ఊదకండి మరిదిగారూ, మీరు గార్సీయా" అన్నాను.

"గొడుగు పట్టడానికి గార్సీయా పనికొస్తాడు కదా వదినగారూ?"

"దానికైతే భేషుగ్గా."

ఇట్సియార్ ఊదింది. దగ్గింది. మళ్ళీ ఊదింది. ఆకులు ఎర్రబడి, నల్లబడి, మళ్ళీ ఎర్రబడ్డాయి. తెల్లటి పొగ కోటు కిందనుంచి పాకి అన్సెల్మో మొహానికి కొట్టి, అటూ ఇటూ తూలి, గుడిగోడ దాటి పైకి లేచింది. సన్నగానే, కానీ నిటారుగా. కింద కోర్తాబేలో ముందు ఒక గంట మోగింది, చూశామని చెప్పే గంట. దాని వెనకే మధ్యాహ్నం గంట.

"వీళ్ళు కొద్దిలో తప్పించుకున్నారు అనుకుంటున్నారు కాబోలు కింద" అన్నాడు అన్సెల్మో కళ్ళు తుడుచుకుంటూ. ఇట్సియార్ చూస్తుంటే, "పొగ, పొగ" అన్నాడు. తడికోటు దులుపుకుని, "మా గార్సీయాలు వానకి పుట్టగొడుగులమ్మా, ఎక్కడైనా మొలుస్తాం. రెండోది పెట్టినా మాకేం కాదు" అన్నాడు, ఎటో చూస్తూ.

ఇట్సియార్ చిక్కుళ్ళు రెండుసార్లు పెట్టించుకు తింది.

సాయంత్రం కుండ కడిగి, కూర నింపి, కోర్తాబేలో కింది ఇంటి ముందు దిగాం. సతుర్నీనా గుమ్మంలోనే ఉంది. ముందు కుండ చూసింది. తర్వాత ఇట్సియార్ మసి చేతులు చూసింది.

"ఈ ఏడు ఎవరు వెలిగించారు?"

"ఇట్సియార్ ఓచోవా దె మురాల్దె" అంది మా పిల్ల, బళ్ళో హాజరు పలికినట్టు పూర్తిగా.

"లోపలున్నదో?"

ఇట్సియార్ పొట్ట మీద చెయ్యేసుకుంది. మసి మరక గౌనుకి అంటింది.

"లోపలున్నదీ అదే."

సతుర్నీనా కుండలో వేలుపెట్టి రుచి చూసి, నా వైపు తిరిగి, "ఉప్పు తక్కువైందే" అంది. కుండ మాత్రం గుండెకి ఆనించుకుని లోపలికి తీసుకెళ్ళింది.